ఫజీ కంట్రోలర్ లోపల నిజంగా ఏం జరుగుతుంది? సిమెంట్ కిల్న్ దగ్గర నేర్చుకున్నది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఫజీ అంటేనే మసక కదా, "కొంచెం వేడి", "బాగా తక్కువ" లాంటి మాటలతో నడిచే కంట్రోలర్‌ని అంత ఖరీదైన ప్లాంటు మీద ఎలా నమ్ముతారు? లోపల లెక్క ఎలా జరుగుతుంది? పీఐడీ (ఉండాల్సిన విలువకీ ఉన్న విలువకీ తేడా, ఆ తేడాల మొత్తం, అది మారే వేగం చూసి సర్దే మామూలు కంట్రోలర్) ఉండగా ఇది దేనికి? ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇదే తీసుకోమని మీ గైడ్ చెప్పారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు. ఫజీ కంట్రోలర్ చేసే లెక్కలో మసక ఏమీ లేదు. ఒకే ఇన్‌పుట్ వెయ్యిసార్లు ఇస్తే వెయ్యిసార్లూ ఒకే అవుట్‌పుట్ వస్తుంది, దశాంశాలతో సహా. మసక ఉండేది మనిషి మాటలో. ఆ మాటని అంకెల్లోకి దించే పద్ధతి ఫజీ లాజిక్. మంచి ఆపరేటర్ చేతిలో చక్కగా నడుస్తూ, గణిత మోడల్‌కి మాత్రం లొంగని ప్రాసెస్ ఉంటే ఇది పనికొస్తుంది. పీఐడీతో హాయిగా నడిచే చోట దీన్ని పెట్టడం దండగ.

నేను పాతికేళ్లకు పైగా సిమెంట్ ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్, ప్రాసెస్ కంట్రోల్ పని చేశాను. అందులో ఎక్కువ కాలం నల్గొండ వైపు సున్నపురాయి బెల్టులోనే. కాబట్టి నా ఉదాహరణలన్నీ కిల్న్ (సిమెంట్‌కి ముడిసరుకు కాల్చే పెద్ద కొలిమి) చుట్టూనే తిరుగుతాయి. మోటర్ స్పీడ్ కంట్రోల్ గురించి అడిగితే నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

మాట నుంచి అంకెకి ఎలా వస్తామో ముందు చూద్దాం. అరిసెలు చేసే ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బెల్లం పాకం లేతగా ఉంటుంది, తీగపాకం అవుతుంది, ఉండపాకానికి వస్తుంది, ఇంకాసేపు ఉంచితే ముదిరిపోతుంది. ఇన్ని డిగ్రీల దాకా లేతపాకం, ఆ మీద ఒక్క డిగ్రీ పెరగగానే తీగపాకం అని గీత గీయగలమా? మధ్యలో కాసేపు అది కొంత లేత, కొంత తీగ. మామూలు లాజిక్‌లో ఒక వస్తువు ఒక గుంపులో ఉంటుంది, లేదా ఉండదు. అంటే 1, లేదా 0. ఫజీలో "ఈ పాకం 0.3 మేర లేత, 0.7 మేర తీగ" అనొచ్చు. కథంతా ఈ 0.3, 0.7 దగ్గరే మొదలవుతుంది. వీటినే మెంబర్‌షిప్ విలువలంటారు.

దీన్ని సంభావ్యతతో కలిపేయకండి. వైవాలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "రేపు వాన పడే అవకాశం 70 శాతం" అంటే రేపు పడొచ్చు, పడకపోవచ్చు, మనకి తెలియదు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే తుంపర పడుతోంది, దాన్ని వాన అనాలా వద్దా అంటే అది వేరే ప్రశ్న. అక్కడ తెలియనిది ఏమీ లేదు, కళ్ల ముందే ఉంది. అది ఎంత మేర వాన అన్నదే సంగతి. ఫజీ చూసేది ఈ రెండోదాన్ని.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 1965లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో లాట్ఫీ జాదే ఫజీ సెట్స్ పేపర్ రాశారు. ఆయన అప్పటికే కంట్రోల్, సిస్టమ్స్ థియరీలో పేరున్న మనిషి. దాన్ని యంత్రం మీద ఆడించింది లండన్ క్వీన్ మేరీ కాలేజీలో ఇబ్రహీం మమ్‌దానీ, ఆయన విద్యార్థి అసీలియన్. 1974-75 ప్రాంతంలో ఒక చిన్న స్టీమ్ ఇంజన్, బాయిలర్ తీసుకుని, వేడితో ప్రెషర్‌నీ థ్రాటిల్‌తో స్పీడ్‌నీ "అయితే-అప్పుడు" నియమాలతో నడిపారు. మమ్‌దానీ ఇండియాలో చదువుకుని 1966లో బ్రిటన్ వెళ్లినవాడు. ఆ తర్వాత పెద్ద పరిశ్రమలో ఇది మొదట నిలదొక్కుకున్న చోట్లలో సిమెంట్ కిల్న్ ఒకటి. 1970ల చివర్లో డెన్మార్క్‌లో ఎఫ్.ఎల్. స్మిత్ ఇంజనీర్లు ఆ పని చేశారు. 1987లో జపాన్‌లోని సెండాయ్ మెట్రో రైలు ఫజీతో బ్రేకు వేయడం మొదలుపెట్టాక ప్రపంచమంతా దీనివైపు చూసింది. ఆ గాలి తగిలి వాషింగ్ మెషీన్ల మీదా రైస్ కుక్కర్ల మీదా "ఫజీ లాజిక్" స్టిక్కర్లు వెలిశాయి. ఆ స్టిక్కర్ల వల్ల ఈ సబ్జెక్టుకి పేరూ వచ్చింది, చెడ్డపేరూ వచ్చింది.

మరి సిమెంట్ కిల్నే ఎందుకు? పీఐడీ ఉండగా ఇది దేనికి అన్న మీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

కిల్న్ అంటే అరవై, డెబ్బై మీటర్ల పొడవు, నాలుగు మీటర్లకు పైన వ్యాసం ఉండే ఉక్కు గొట్టం. లోపల అగ్ని ఇటుకలు. కొంచెం వాలుగా పడుకుని నిమిషానికి మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. పై చివర నుంచి ముడిసరుకు పొడి (దీన్నే ఫీడ్ అంటాం) వస్తుంది, కింది చివర నుంచి బొగ్గు మంట. మంట దగ్గర, అంటే బర్నింగ్ జోన్‌లో, మెటీరియల్ 1450 డిగ్రీల దాకా వెళ్లి, దాదాపు నాలుగో వంతు కరిగి, గుండ్లు గుండ్లుగా క్లింకర్ (నూరితే సిమెంట్ అయ్యేది) అవుతుంది. ఆ 1450ని థర్మోకపుల్ పెట్టి కొలవలేం. పైరోమీటర్‌తో దూరం నుంచి చూస్తాం. మధ్యలో దుమ్ము అడ్డం వస్తే అది అబద్ధం చెబుతుంది. క్లింకర్ బాగా కాలిందో లేదో తేల్చేది ఫ్రీ లైమ్ (కలవకుండా మిగిలిపోయిన సున్నం), దాని విలువ ల్యాబ్ నుంచి గంటకో రెండు గంటలకో ఒకసారి వస్తుంది. అది వచ్చేసరికి ఆ క్లింకర్ కూలర్ దాటి వెళ్లిపోయి ఉంటుంది.

అందుకే ఆపరేటర్ చుట్టుపక్కల నుంచి ఆనవాళ్లు పట్టుకుంటాడు. వాటిలో ముఖ్యమైనది కిల్న్ యాంప్స్, అంటే కిల్న్‌ని తిప్పే మెయిన్ మోటర్ తీసుకునే కరెంటు. లోపల వేడి బాగా ఉంటే మెటీరియల్ జిగటగా అయి, గోడ పట్టుకుని ఎక్కువ ఎత్తుకి లేస్తుంది. దాన్ని మోయడానికి మోటర్‌కి ఎక్కువ బలం కావాలి, యాంప్స్ పెరుగుతాయి. చల్లబడితే మెటీరియల్ జారిపోతుంది, యాంప్స్ పడతాయి. ఇంకోటి నాక్స్, అంటే మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు. మంట వేడి పెరిగితే అదీ పెరుగుతుంది. ఇవి కాక కిల్న్ ఇన్‌లెట్‌లో (పొడి వచ్చే పై చివర) ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, అక్కడి గ్యాసు ఉష్ణోగ్రత.

ఇక పీఐడీ ఎందుకు చాలదు? ఆలస్యం ఒక కారణమే, కానీ అసలు కారణం అది కాదు. కిల్న్‌లో ఒకే పని ఒకసారి ఒకలా, ఇంకోసారి దానికి ఎదురుగా పనిచేస్తుంది. బొగ్గు పెంచితే వేడి పెరుగుతుంది, నిజమే, గాలిలో ఆక్సిజన్ మిగిలి ఉన్నంతవరకు. ఆక్సిజన్ అయిపోయాక ఇంకా బొగ్గు తోస్తే అది సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, బర్నింగ్ జోన్ ఇంకా చల్లబడుతుంది. అది చూసి పీఐడీ ఏం చేస్తుంది? చల్లబడింది కదా అని ఇంకా బొగ్గు పెంచుతుంది! పోనీ ఆక్సిజన్ కోసం ఐడీ ఫ్యాన్ (కిల్న్‌లోంచి గ్యాసుల్ని లాగే ఫ్యాన్) పెంచితే, ఎక్కువ లాగితే మంట వెనక్కి సాగి, ఇన్‌లెట్ వేడెక్కి ముందు భాగం చల్లబడుతుంది. ఒక మీట తిప్పితే మూడు ముళ్లు కదులుతాయి. పీఐడీకి తెలిసింది ఒక ఎర్రర్ (ఉండాల్సిన దానికీ ఉన్నదానికీ తేడా), ఒక గెయిన్ (ఆ తేడాకి ఎంత స్పందించాలో చెప్పే అంకె), ఒక దిశ. ఆపరేటర్‌కి మాత్రం "ఆక్సిజన్ ఉంటే బొగ్గు పెంచు, లేకపోతే ముందు ఫీడ్ తగ్గించు" అని తెలుసు. ఇది వాక్యం, సమీకరణం కాదు.

డెన్మార్క్ వాళ్లు పట్టుకున్నదీ ఇదే. అప్పటికే కిల్న్ ఆపరేటర్ల కోసం రాసిన చేతిపుస్తకాల్లో ఇలాంటి నియమాలు ఉన్నాయి. బర్నింగ్ జోన్ వేడి, ఆక్సిజన్, వెనక వైపు గ్యాసు ఉష్ణోగ్రత. ఈ మూడింటిలో ఒక్కోటి తక్కువ, సరి, ఎక్కువ అని మూడు రకాలు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. ఈ 27 పరిస్థితుల్లో ఏది వస్తే ఏం చేయాలో రాసి ఉంది. మనిషి కోసం రాసిన ఆ పట్టికని యంత్రం చదివేలా చేయడమే మిగిలిన పని.

ఇప్పుడు లెక్క. కాగితం తీసుకోండి, కంప్యూటర్ వద్దు. సులువుగా ఉండాలని రెండే ఇన్‌పుట్లు తీసుకుందాం. మొదటిది, యాంప్స్ ఉండాల్సిన చోటు నుంచి ఎంత శాతం పక్కకి ఉన్నాయి. రెండోది, గత పది నిమిషాల్లో అవి ఎంత శాతం కదిలాయి. అవుట్‌పుట్, బొగ్గుని ఇప్పుడున్న దానిమీద ఎంత శాతం మార్చాలి.

మొదటి ఇన్‌పుట్‌కి మూడు మాటలు: చల్లన, సరి, వేడి. మైనస్ 10 దగ్గర "చల్లన" పూర్తిగా 1, అక్కడి నుంచి తిన్నగా తగ్గుతూ సున్నా దగ్గర 0. "సరి" అంటే త్రికోణం, సున్నా దగ్గర 1, అటు మైనస్ 10 దగ్గరా ఇటు ప్లస్ 10 దగ్గరా 0. "వేడి" కుడివైపు అద్దం బొమ్మ. రెండో ఇన్‌పుట్‌కి కూడా అంతే: పడుతోంది, నిలకడ, పెరుగుతోంది. కాకపోతే కొసలు మైనస్ 4, ప్లస్ 4.

ఇప్పుడు యాంప్స్ మైనస్ 4 దగ్గర ఉన్నాయి, పది నిమిషాల్లో 1 శాతం పడ్డాయి అనుకుందాం. మైనస్ 4 అంటే చల్లన 0.4, సరి 0.6. మైనస్ 1 అంటే పడుతోంది 0.25, నిలకడ 0.75. ఈ పనినే ఫజిఫికేషన్ అంటారు. పేరు పెద్దది, పని ఇంతే.

ఈ విలువలకి తగిలే నియమాలు నాలుగు:

చల్లన, పడుతోంది: బొగ్గు 3 శాతం పెంచు.
చల్లన, నిలకడ: 1.5 శాతం పెంచు.
సరి, పడుతోంది: 1 శాతం పెంచు.
సరి, నిలకడ: ముట్టుకోకు, అంటే 0.

ఒక్కో నియమం ఎంత బలంగా వర్తిస్తుంది? రెండు షరతుల్లో చిన్నదే దాని బలం. గొలుసు ఎంత గట్టిదంటే అందులో బలహీనమైన లింకు ఎంతో అంత కదా. మొదటి నియమం: 0.4, 0.25లో చిన్నది 0.25. రెండోది: 0.4, 0.75లో 0.4. మూడోది: 0.6, 0.25లో 0.25. నాలుగోది: 0.6, 0.75లో 0.6.

ఇప్పుడు నలుగురి మాటా విని, ఎవరి బలాన్ని బట్టి వాళ్లకి విలువిచ్చి సగటు తీస్తాం. పైన: 0.25 × 3 + 0.4 × 1.5 + 0.25 × 1 + 0.6 × 0 = 1.6. కింద బలాల మొత్తం 1.5. భాగిస్తే 1.07 శాతం. గంటకి 8 టన్నుల బొగ్గు పోతోందనుకుంటే దాదాపు 85 కిలోలు పెంచమని. అంతే, కంట్రోలర్ పని అయిపోయింది.

ఇక్కడ ఆగకండి, ఇంకోసారి చేయండి. యాంప్స్ అదే మైనస్ 4, కానీ ఈసారి పది నిమిషాల్లో 2 శాతం పెరిగాయి. నిలకడ 0.5, పెరుగుతోంది 0.5. "చల్లన, పెరుగుతోంది" అయితే 0, "సరి, పెరుగుతోంది" అయితే 1 శాతం తగ్గించు అని రాశామనుకోండి. మిగిలిన రెండు నియమాలు పాతవే. లెక్క కడితే 0.1 ని 1.8తో భాగించాలి, 0.06 శాతం కూడా రాదు. గంటకి నాలుగున్నర కిలోలు కూడా లేదు. అంటే చెయ్యి తీసేయమంటోంది. ఎర్రర్ రెండుసార్లూ ఒకటే, జవాబు మాత్రం 85 కిలోలు ఒకసారి, ఏమీ వద్దని ఇంకోసారి. "అదే కోలుకుంటోంది, కెలక్కు" అని పాత ఆపరేటర్లు అనేది ఇదే.

మార్పు వేగాన్ని పీఐడీలో డి కూడా చూస్తుంది కదా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. రెండు ఇన్‌పుట్ల ఫజీని గ్రాఫ్‌లా గీస్తే ఒక ఉపరితలం వస్తుంది. ఆ ఉపరితలం చదునైన పలకలా ఉంటే అది పీఐ కంట్రోలరే, పేరు మార్చుకున్నదంతే. నా ఉదాహరణ కూడా దాదాపు అంతే! ఉపరితలం వంపులు తిరిగినప్పుడు, ఒక మూల నిటారుగా, ఇంకో మూల చదునుగా, ఆక్సిజన్ తక్కువైన చోట ఎదురు వాలుగా ఉన్నప్పుడే ఫజీకి డబ్బులు పెట్టిన విలువ దక్కుతుంది. మీ ప్రాజెక్టులో ఆ ఉపరితలం గీసి చూడండి. చదునుగా వస్తే మీ గైడ్‌తో మాట్లాడండి.

మీ టెక్స్ట్‌బుక్‌లో ఇది ఇలా ఉండకపోవచ్చు. మమ్‌దానీ పద్ధతిలో అవుట్‌పుట్‌కి కూడా త్రికోణాలే ఉంటాయి. నియమం బలం దగ్గర వాటి తలలు నరికి, అన్నిటినీ కలిపి, వచ్చిన ఆకారానికి గరిమనాభి కనుక్కుంటారు. నేను చేసినట్టు అవుట్‌పుట్‌కి నేరుగా అంకె (లేదా ఇన్‌పుట్లతో కూడిన చిన్న సమీకరణం) పెట్టి సగటు తీయడం 1985లో తకాగి, సుగెనో ప్రతిపాదించిన దారి. పీఎల్‌సీలో (ప్లాంటు యంత్రాల్ని నడిపే ఇండస్ట్రియల్ కంప్యూటర్) రాసుకోవడానికి ఇదే తేలిక, ఫలితంలో తేడా పెద్దగా ఉండదు. పీఎల్‌సీలో ఫజీ ఎలా రాయాలో ఐఈసీ 61131-7 అని ఒక ప్రమాణమే ఉంది, చాలామందికి తెలియదు.

ఫజీ పీఐడీని తీసేయదు, దాని నెత్తిన కూర్చుంటుంది. మా దగ్గర ఫజీ చెప్పేది "బొగ్గు సెట్‌పాయింట్ (ఉండాల్సిన విలువ) 85 కిలోలు పెంచు" అని. ఆ 85 కిలోలు నిజంగా పడేలా చూసేది బొగ్గు తూచి పంపే వే ఫీడర్ దగ్గరున్న పీఐడీ. ఆ కింది లూప్ సరిగ్గా ట్యూన్ కాకపోతే పైన ఎంత తెలివైనది పెట్టినా లాభం లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదని పిలిస్తే వెళ్లిన చోట్ల సగంసార్లు తేలింది ఫీడర్ బెల్టు జారడమో, డ్యాంపర్ బిగుసుకుపోవడమో.

ఇక నా అనుభవాలు, అందులో ఎక్కువ భాగం నా తప్పులే.

నియమాలు రాయడానికి ముందు నాలుగు వారాలు మూడు షిఫ్టుల్లోనూ సీసీఆర్‌లో (సెంట్రల్ కంట్రోల్ రూమ్) నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. ఒక సీనియర్ బర్నర్ ఉండేవారు. బర్నర్ అంటే మా దగ్గర మంట గొట్టమే కాదు, కిల్న్ నడిపే మనిషిని కూడా అలాగే అంటారు. పాత రోజుల్లో నీలి అద్దం పెట్టుకుని మంటలోకి చూసి కిల్న్ నడిపిన మనిషి. "యాంప్స్ కాస్త పడితే కాస్త బొగ్గు వేస్తాను సార్" అనేవారు. కాస్త అంటే ఎంతండీ అంటే, "కాస్త అంటే కాస్తే." చివరికి ఆయన చేసిన మార్పులన్నీ ట్రెండ్ (కంప్యూటర్ దాచిన గ్రాఫ్)లోంచి తీసి చూశాను. పగలు ఆయన కాస్త 50 కిలోలు. రాత్రి షిఫ్టులో ఇంకొకాయన కాస్త 150 కిలోలు. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఇద్దరి కిల్నూ నడుస్తోంది. నియమాలు నోటి నుంచి తీసుకోండి, అంకెలు మాత్రం రికార్డు నుంచి తీసుకోండి. ఎవరి అంకెలు తీసుకోవాలి అంటే, ఎవరి షిఫ్టులో ఫ్రీ లైమ్ తక్కువ ఊగుతోందో వాళ్లవి. మా దగ్గర అది ఆ పెద్దాయనే.

నా మొదటి తప్పు తొందర. కంట్రోలర్‌ని ప్రతి నిమిషం లెక్క కట్టి బొగ్గు మార్చేలా పెట్టాను. చల్లబడింది, కాస్త పెంచింది. నిమిషం తర్వాత చూస్తే ఇంకా చల్లగానే ఉంది, మళ్లీ పెంచింది. వేసిన బొగ్గు ప్రభావం యాంప్స్‌లో కనిపించడానికి చాలా నిమిషాలు పడుతుందని నాకు తెలుసు, అయినా పెట్టాను. ఇరవై నిమిషాలకి కిల్న్ మండిపోయింది, అప్పుడు తగ్గించడం మొదలుపెట్టింది. సోలార్ హీటర్ కుళాయి కింద నిలబడి వేడినీళ్లు రాలేదని తిప్పుతూ పోయి, ఒక్కసారిగా ఒళ్లు కాల్చుకున్నట్టు. ఎనిమిది నిమిషాలకోసారి మాత్రమే కదపమని మార్చాక శాంతించింది. నియమాల్లో ఒక్క అక్షరం మార్చలేదు.

రెండోది సగటు చేసే మోసం. ఒక రాత్రి కిల్న్ చల్లబడింది, అదే సమయంలో కార్బన్ మోనాక్సైడ్ లేస్తోంది. చల్లగా ఉంది కాబట్టి బొగ్గు పెంచమని ఒక నియమం. గ్యాసు లేస్తోంది కాబట్టి తగ్గించమని ఇంకోటి. బలాలు దాదాపు సమానం. సగటు ఎంత? సున్నా. కంట్రోలర్ చేతులు కట్టుకుని కూర్చుంది. ఎదురుగా గుంత ఉంటే ఒకడు కుడికి తిప్పమని, ఇంకొకడు ఎడమకి తిప్పమని అరిస్తే, ఇద్దరి మాటా సమానంగా విని నేరుగా గుంతలోకి దించినట్టు. రెండు మంచి సలహాల సగటు మంచి సలహా కానక్కర్లేదు. ఆ తర్వాత ఆక్సిజన్‌ని ప్రతి వేడి నియమంలోనూ షరతుగా చేర్చాను. "చల్లన, ఆక్సిజన్ తక్కువ" అయితే బొగ్గు ముట్టుకోకుండా ఫీడ్ తగ్గించమని విడిగా రాశాను.

దీంతో ముడిపడిన ఇంకో మాట. భద్రతకి ఫజీ వద్దు. కార్బన్ మోనాక్సైడ్ పెరిగి ఈఎస్‌పీలోకి (కరెంటుతో పొగలోని దుమ్ము పట్టే యంత్రం) వెళ్తే అక్కడి నిప్పురవ్వకి పేలే ప్రమాదం ఉంది. అందుకే ఒక పరిమితి దాటితే ఈఎస్‌పీ ట్రిప్ అవ్వాల్సిందే. అక్కడ "0.7 మేర ట్రిప్" అనే మాట లేదు. ఇంటర్‌లాకులు ఎప్పుడూ గీత గీసినట్టు ఉండాలి, ఫజీ బయట ఉండాలి, ఫజీ వాటిని తాకే వీలు ఉండకూడదు.

మూడోది నాకు చాలా నేర్పింది. కిల్న్ లోపల ఇటుకల మీద క్లింకర్ పొరలా అతుక్కుంటుంది, కోటింగ్ అంటారు. అది ఇటుకని కాపాడుతుంది. ఒక్కోసారి పెద్ద పెచ్చు ఊడిపడుతుంది. ఒకరోజు అదే జరిగింది. ఆ బరువు పోయేసరికి, వేడి ఏమీ తగ్గకుండానే, యాంప్స్ ఢమాల్న పడ్డాయి. కంట్రోలర్ చల్లబడిందనుకుని బొగ్గు వేసింది. ఇటుక మీద పొర లేని చోట మంట తగులుతోంది, షెల్ స్కానర్‌లో (కిల్న్ పైతొడుగు వేడిని చూపే పరికరం) ఆ చోటు ఎర్రబడుతోంది. పెద్దాయన లేచి వచ్చి ఆటో తీసేసి, "ముల్లు చూసి మోసపోతే ఎలా సార్" అన్నారు. ఆయనెలా కనిపెట్టారు? యాంప్స్ పడ్డాయి కానీ నాక్స్ పడలేదు, అదీ ఆయన చూసింది. మర్నాడు నాక్స్‌ని రెండో సాక్షిగా చేర్చాం. రెండూ ఒకే మాట చెబితే పూర్తి బలం, చెరో మాట చెబితే నియమాల బలం తగ్గించి ఆపరేటర్‌కి అలారం. యాంప్స్ పడిన వేగం మరీ అసహజంగా ఉంటే కొన్ని నిమిషాలు ఆ సిగ్నల్‌ని నమ్మకపోవడం కూడా పెట్టాం. దుమ్ము కమ్మిన పైరోమీటర్‌కి కూడా ఇదే మందు.

ల్యాబ్ ఫ్రీ లైమ్ విషయంలో ఆయన నియమం నాకు బాగా నచ్చింది. "ఒకసారి ఎక్కువొస్తే శాంపిల్ తీసినవాణ్ని అనుమానిస్తాను, రెండోసారి కూడా వస్తే కిల్న్‌ని అనుమానిస్తాను." దాన్ని అలాగే రాసుకున్నాం. మొదటి ఫలితానికి తక్కువ బరువు, వరసగా రెండోది కూడా అటే ఉంటే పూర్తి బరువు.

ఇన్‌పుట్లు పెంచుకుంటూ పోవడం కుర్రాళ్లు చేసే పొరపాటు. ఐదు ఇన్‌పుట్లకి తలా ఐదు మాటలు పెడితే నియమాలు 3125. అన్ని వాక్యాలు ఏ ఆపరేటరూ చెప్పలేడు, మీరే ఊహించి నింపుతారు, అందులో సగం తప్పులుంటాయి. కిల్న్‌ని ముక్కలు చేయండి: బర్నింగ్ జోన్‌కి ఒక చిన్న బ్లాకు, గాలి-ఆక్సిజన్‌కి ఒకటి, కూలర్‌కి ఒకటి. ఒక్కోదానికి రెండో మూడో ఇన్‌పుట్లు. త్రికోణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కేలా గీయండి. మధ్యలో ఖాళీ వదిలితే ఆ చోట ఏ నియమమూ వర్తించదు, మీ సగటులో కింద సున్నా వచ్చి ప్రోగ్రాం ఆగుతుంది. నవ్వకండి, ప్లాంటులో చూశాను.

స్థిరత్వం గురించి విమర్శకులు అనే మాటలో నిజం ఉంది. లీనియర్ సిస్టమ్‌కి పీఐడీ పెడితే అది ఊగదని కాగితం మీద చూపించొచ్చు. మోడల్ లేకుండా రాసిన ఫజీకి అలాంటి రుజువు తేలిగ్గా దొరకదు. మేం దాన్ని పరిమితులతో గట్టెక్కించాం. ఒక్కసారి ఇంతకు మించి మార్చకూడదు, గంటలో మొత్తం ఇంతకు మించకూడదు, ఈ పైహద్దు, ఈ కిందిహద్దు. మోడల్ బాగా దొరికే ప్రాసెస్ అయితే ఈ రోజుల్లో మోడల్ ప్రెడిక్టివ్ కంట్రోల్ (మోడల్‌తో ముందేం జరుగుతుందో లెక్క కట్టి నడిపే పద్ధతి) చూడమంటాను. చాలా ప్లాంట్లలో ఇప్పుడు రెండూ కలిపే వాడుతున్నారు.

మీ ప్రాజెక్టుకి వస్తే, డీసీ మోటర్ స్పీడ్ తీసుకోకండి. మోటర్‌కి మోడల్ చక్కగా ఉంది, పీఐ చాలు. "ఫజీ వల్ల ఓవర్‌షూట్ (ఉండాల్సిన విలువ దాటి పోవడం) తగ్గింది" అని చూపించే ప్రాజెక్టుల్లో చాలావరకు పోల్చిన పీఐడీని సరిగ్గా ట్యూన్ చేయరు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినవారికి ఆ సంగతి తెలుసు. దానికి బదులు మీ ఊళ్లో మనిషి అనుభవంతో నడిపేది ఏదైనా పట్టుకోండి. రైస్ మిల్లులో ధాన్యం ఆరబెట్టే డ్రయర్ ఉంటుంది, బెల్లం గానుగ దగ్గర పొయ్యి ఉంటుంది. నడిపే మనిషితో నాలుగు రోజులు కూర్చోండి. తొమ్మిది నియమాలు చాలు. మ్యాట్‌ల్యాబ్ టూల్‌బాక్స్ తెరిచేముందు పైన నేను చేసినట్టు ఒక్క పాయింటుకి చేత్తో లెక్క కట్టి, టూల్ ఇచ్చిన జవాబుతో సరిపోతుందో లేదో చూసుకోండి. సరిపోకపోతే ఎక్కువగా అవుట్‌పుట్ రేంజ్ దగ్గరే తప్పు ఉంటుంది.

నియమాల పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టండి. ఏ ప్రాసెస్ తీసుకున్నారో, ఒకసారి కదిపాక ఫలితం కనిపించడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా రాయండి. అది లేకుండా పట్టిక చూసి నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు.